సోఫా కొనేముందు: కూర్చునే మనిషి కొలత, గుడ్డ కింద దాగిన చెక్క

మీ ప్రశ్న నాకు అర్థమైనంత వరకు ఇది. మీ హాలు 14 అడుగుల పొడవు, 11 అడుగుల వెడల్పు ఉంది. ఇంట్లో మీరిద్దరూ, ఎనిమిదేళ్ల బాబు, మోకాళ్ల నొప్పులతో ఉన్న మీ అమ్మగారు ఉంటారు. దుకాణంలో చూసిన ఎల్ ఆకారపు సోఫా మీ దంపతులకు బాగా నచ్చింది గానీ, మీ అమ్మగారు అందులో కూర్చుని చూసి "ఇందులోంచి లేవడం నావల్ల కాదు" అన్నారు. ఎల్ ఆకారం తీసుకోవాలా, ముగ్గురు కూర్చునే సోఫాకు విడి కుర్చీలు జతచేసుకోవాలా, లెదర్ మంచిదా, బట్ట మంచిదా అన్నవి మీ సందేహాలు. నేను 26 ఏళ్లుగా సోఫాలు తయారుచేస్తున్నాను, అంతకంటే ఎక్కువగా పాడైపోయినవాటిని విప్పి బాగుచేస్తున్నాను. ఆ అనుభవంతో చెప్తున్నాను, మీ ప్రశ్న మొత్తంలో అన్నిటికంటే విలువైన మాట మీ అమ్మగారిది. రంగు, ఆకారం, గుడ్డ వంటి మిగిలిన నిర్ణయాలన్నీ ఆ మాట దగ్గర మొదలుపెట్టి తీసుకోవడం మంచిది.

లోతైన సోఫాలోంచి మోకాళ్ల నొప్పులున్న మనిషి ఎలా లేస్తారో ఒకసారి పక్కన నిలబడి గమనించండి. ముందుగా రెండు అరచేతులూ సీటు మీద ఆనించి కొద్దికొద్దిగా అంచు వరకు జరుగుతారు. తరువాత పాదాలను వెనక్కి లాక్కోవడానికి ప్రయత్నిస్తారు, ఎందుకంటే పాదం మోకాలికి కాస్త వెనకగా ఉంటే తప్ప ఒంటి బరువు కాళ్ల మీదికి రాదు. సోఫా ముందు భాగం నేల వరకు చెక్కతో మూసి ఉంటే మడమ దానికి తగిలి ఆగిపోతుంది. అప్పుడు ఒకసారి ముందుకు ఊగి, లేవలేక మళ్లీ కూర్చుని, రెండోసారి చేతిని గట్టిగా అదిమి లేస్తారు. ఆ చెయ్యి ఆనించిన చోట సీటు మెత్తగా దిగిపోతుంటే ఆ ప్రయత్నమూ వృథా అవుతుంది. ఈ నాలుగు ఇబ్బందులకూ నాలుగు వేర్వేరు కారణాలున్నాయి: సీటు లోతు ఎక్కువ కావడం, ఎత్తు తక్కువ కావడం, కింద కాళ్ల దగ్గర ఖాళీ లేకపోవడం, ఫోమ్ మరీ మెత్తగా ఉండడం. ఆమెకు నచ్చనిది ఎల్ ఆకారం కాకపోవచ్చు, ఈ నాలుగింటిలో ఏదో ఒకటో రెండో కావచ్చు.

సీటు లోతు అంటే, వీపు ఆనే కుషన్ ముందు నుంచి సీటు ముందంచు వరకు ఉన్న దూరం. సోఫా మొత్తం లోతు వేరు, ఈ లోతు వేరు. కాగితం మీద రాసి ఇచ్చే కొలతల్లో చాలాసార్లు మొదటిదే ఉంటుంది కాబట్టి రెండోదాన్ని మీరే టేపుతో కొలుచుకోవాలి. మామూలు సోఫాలలో ఇది 20 నుంచి 22 అంగుళాలు ఉంటుంది. ఈమధ్య కాళ్లు పైకి పెట్టుకుని వాలి కూర్చోవడానికని చేస్తున్నవాటిలో 24 అంగుళాలు దాటుతోంది. అయిదడుగుల ఎత్తున్న మనిషికి తుంటి వెనక నుంచి మోకాలి వెనక మడత వరకు సుమారుగా 18 అంగుళాలు ఉంటుంది. అటువంటి మనిషి 24 అంగుళాల సీటులో వీపు ఆనించి కూర్చుంటే పాదాలు గాలిలో తేలుతాయి, పాదాలు నేలకు ఆనిస్తే నడుము వెనక ఖాళీ మిగిలిపోతుంది. పరీక్ష సులువైనదే. వీపు పూర్తిగా ఆనించి, పాదాలు నేల మీద పూర్తిగా మోపి కూర్చున్నప్పుడు, సీటు అంచుకూ మోకాలి వెనక మడతకూ మధ్య రెండు మూడు వేళ్లు దూరాలి. ఇంట్లో అందరి ఎత్తులూ ఒకటి కాదు కదా అని మీరు అడగవచ్చు. లోతు కాస్త ఎక్కువైతే నడుము వెనక దిండు పెట్టుకుని తగ్గించుకోవచ్చు, తక్కువైతే పెంచుకునే మార్గం లేదు, నిజమే. కానీ ఆ దిండు రోజూ జారిపోయేదే. అందువల్ల ఎక్కువ సేపు కూర్చునే మనిషికి కొలత సరిగ్గా కుదరాలి, మిగిలినవాళ్లు సర్దుకోవాలి.

ఎత్తు విషయంలో మీకు దుకాణం కంటే మీ ఇల్లే మంచి గురువు. మీ అమ్మగారు ఎవరి సాయమూ లేకుండా హాయిగా లేవగలిగే కుర్చీ ఒకటి ఇంట్లో తప్పకుండా ఉంటుంది. దాని సీటు నేల నుంచి ఎంత ఎత్తులో ఉందో, చేతులు ఆనించే చోటు సీటుకు ఎంత పైన ఉందో కొలిచి ఒక కాగితం మీద రాసుకుని వెళ్లండి. సాధారణంగా సోఫా సీటు 17, 18 అంగుళాల ఎత్తులో ఉంటుంది. మోకాళ్లు వంచడం కష్టమైనవాళ్లకు 19 నుంచి 20 అంగుళాలు సుఖంగా ఉంటుంది. అయితే ఖాళీ సీటును కొలిస్తే మోసపోతాం. మనిషి కూర్చోగానే ఫోమ్ ఒకటి రెండు అంగుళాలు దిగుతుంది, నాసిరకమైతే మూడు కూడా దిగుతుంది. కాబట్టి ఆమెను కూర్చోబెట్టి, ఆమె తొడ పక్కన టేపు పెట్టి కొలవండి. అయిదు నిమిషాలు కూర్చుంటే ఏమీ తెలియదు. కనీసం ఇరవై నిమిషాలు కూర్చోమని చెప్పండి, మాటల్లో పెట్టండి, ఆ తరువాత లేవమనండి. దుకాణంవాళ్లు ఏమనుకుంటారో అని సంకోచించవద్దు. పదేళ్లు కూర్చోబోయే వస్తువు అది.

ఇప్పుడు గది సంగతి. 11 అడుగులంటే 132 అంగుళాలు. గోడకు ఆనించిన సోఫా మొత్తం లోతు సుమారు 36 అంగుళాలు పోతుంది. సోఫాకూ ముందున్న బల్లకూ మధ్య కాళ్లు కదలడానికి 16 అంగుళాలు, బల్లకు 24, ఎదుటి గోడకు టీవీ పెట్టే అర ఉంటే దానికి మరో 16 తీసేస్తే మనుషులు నడవడానికి 40 అంగుళాలు మిగులుతుంది. నడిచే దారికి 30 నుంచి 36 అంగుళాలు ఉంటే చాలు కనుక మామూలు సోఫా మీ గదిలో సుఖంగా ఇముడుతుంది. అదే ఎల్ ఆకారంలో కాళ్లు చాపుకునే పొడుగు భాగం 60 నుంచి 65 అంగుళాల వరకు గదిలోకి చొచ్చుకొస్తుంది, అంటే మీ వెడల్పులో సగం. ఆ వైపున తలుపు గానీ, బాల్కనీ దారి గానీ ఉంటే రోజూ దాన్ని చుట్టి తిరగవలసి వస్తుంది. ఈ లెక్కను నమ్మడానికి మంచి దారి ఒకటుంది. పాత వార్తాపత్రికలను సోఫా కొలతకు సరిగ్గా అతికించి నేల మీద పరిచి, రెండు రోజులు దాని మీద కాలు పెట్టకుండా ఇంట్లో తిరగండి. మీ అబ్బాయి ఎన్నిసార్లు ఆ కాగితాలు తొక్కాడో చూస్తే మీకు సమాధానం దొరుకుతుంది.

ఎల్ ఆకారం గురించి మరో సంగతి చెప్పాలి, ఎందుకంటే అమ్మేటప్పుడు ఇది ఎవరూ చెప్పరు. మూల సీటును ఒక మనిషి స్థలంగా లెక్కపెడతారు గానీ అక్కడ కూర్చున్నవాళ్ల కాళ్లు పెట్టుకోవడానికి చోటుండదు, పక్కవాళ్ల మోకాళ్లు అడ్డం వస్తాయి. కాళ్లు చాపుకునే భాగంలో ఒకరు పడుకుంటే అక్కడ మరొకరికి చోటు లేదు. అయిదుగురికని కొన్న ఎల్ సోఫాలో సుఖంగా కూర్చునేది ముగ్గురు, మహా అయితే నలుగురు. ఇక పొడుగు భాగం కుడివైపు ఉండాలా ఎడమవైపు ఉండాలా అన్నది చెప్పేటప్పుడు, సోఫాకు ఎదురుగా నిలబడి చూసినప్పటి కుడి ఎడమలా, అందులో కూర్చున్నప్పటివా అన్నది రాతపూర్వకంగా తేల్చుకోండి. ఈ ఒక్క అపార్థం వల్ల తిరగేసి వచ్చిన సోఫాలు నేను చాలా చూశాను.

మొత్తం పొడవును చూసి మురిసిపోవడం కూడా ఒక పొరపాటే. 84 అంగుళాల సోఫాకు ఒక్కో పక్క చెయ్యి 10 అంగుళాల వెడల్పుంటే కూర్చోవడానికి మిగిలేది 64 అంగుళాలు, అంటే ముగ్గురికి తలా 21 అంగుళాలు. అదే పొడవులో చేతులు 5 అంగుళాలే ఉంటే తలా 24 పైచిలుకు వస్తుంది. భారీ చేతులున్న సోఫా ఫొటోలో దర్జాగా కనిపిస్తుంది, మీది లాంటి గదిలో మాత్రం ఆ దర్జాకు మనుషులు ఇరుకున పడతారు. అలాగే ముగ్గురి సోఫాకు సీటు కుషన్లు రెండే ఉంటే మూడోవాళ్లు అతుకు మీద కూర్చోవాలి, కాబట్టి ఎవరూ అక్కడ కూర్చోరు. అయితే ఒకటే పొడుగు కుషన్, లేకపోతే మూడు విడి కుషన్లు చూసుకోండి. మూడైతే మంచిది, ఎక్కువ వాడిన చోటు కుషన్‌ను తక్కువ వాడిన చోటికి మార్చుకోవచ్చు.

ఇదంతా చూశాక మీ ఇంటికి నా సలహా స్పష్టంగా ఇది: సన్నని చేతులున్న ముగ్గురి సోఫా ఒకటి, మీ అమ్మగారి కొలతకు కుదిరిన, గట్టి సీటు, గట్టి చేతులు ఉన్న విడి కుర్చీ ఒకటి. అందరికీ ఒకే సోఫా సరిపోవాలని పట్టుబట్టకపోతే మీ దంపతులకు కావలసిన మెత్తదనమూ దొరుకుతుంది, ఆమెకు కావలసిన ఆసరా కూడా దొరుకుతుంది. ఆ కుర్చీని గదిలో మూలకు నెట్టకుండా, టీవీ కనిపించే చోట, మాటలు కలిసే దూరంలో, వెలుతురు పడేలా పెట్టండి.

ఇక లోపలి సంగతి. సోఫాలో మన్నిక మొత్తం కంటికి కనబడని చోట ఉంటుంది. కొంతకాలం కిందట నా దగ్గరికి కొని రెండేళ్లయినా కాని ఒక సోఫా వచ్చింది. పైన ముదురు నీలం గుడ్డ, ఎక్కడా చెక్కుచెదరలేదు, కుట్టు సూటిగా అందంగా ఉంది. మధ్యలో మాత్రం గుంట పడింది. కింద నల్ల గుడ్డ విప్పితే ముందు నుంచి వెనక్కి సీటును మోసే చెక్క ఒకే ముక్క కాదు. రెండు పొట్టి ముక్కలను పక్కపక్కన పెట్టి పిన్నులు కొట్టారు, జిగురు చుక్క కూడా లేదు. ఒక ముక్కకు ఇంకా బెరడు ఉంది. ఫోమ్ తీస్తే అయిదు అంగుళాల మందంలో పైన ఒక అంగుళం మాత్రమే మంచిది, కింద నాలుగు అంగుళాలూ వేర్వేరు రంగుల తుక్కు ముక్కలు పేర్చి జిగురుతో అంటించినవి. వేలితో రాస్తే పొడిపొడిగా రాలింది. ఆ గుడ్డను చూసి ఆ ఇంటివాళ్లు ఆ సోఫా కొన్నారు. వాళ్ల తప్పేమీ లేదు, వాళ్లకు ఎవరూ కిందికి వంగి చూడమని చెప్పలేదు.

మీరు మాత్రం వంగి చూడండి. ఒక ముందు కాలిని అయిదారు అంగుళాల పైకి ఎత్తండి. చట్రం గట్టిదైతే రెండో ముందు కాలు కూడా దాదాపు వెంటనే నేల వదులుతుంది; అది నేల మీదే ఉండిపోయి సోఫా మెలి తిరిగితే చట్రం బలహీనమని అర్థం. చట్రానికి బాగా ఆరబెట్టిన గట్టి జాతి చెక్క మంచిది, మంచి రకం ప్లైవుడ్ కూడా పనికొస్తుంది. ఆరని చెక్క ఇంట్లోకి వచ్చాక ఆరుతూ ముడుచుకుని మెలి తిరుగుతుంది, అతుకులు వదులై కిర్రుమంటాయి. పొట్టును జిగురుతో అదిమి చేసిన పలకలను బరువు మోసే చోట వాడితే ఒప్పుకోవద్దు, వాటిలో స్క్రూ పట్టు నిలవదు, ఒకసారి ఊడితే మళ్లీ అదే చోట బిగించలేం. అతుకుల దగ్గర ఒక చెక్కలో తొలిచిన రంధ్రంలోకి మరో చెక్క కొన గాని, గుండ్రటి చెక్క మేకులు గాని బిగిసి కూర్చుని, పైన జిగురు పట్టి ఉండాలి. మూలల్లో ముక్కోణపు చెక్క దిమ్మలు స్క్రూలతో బిగించి ఉంటే ఇంకా మంచిది. చాలా సోఫాల కింద నల్ల గుడ్డ పిన్నులతో కొట్టి ఉంటుంది. ఒక మూల విప్పి చూపించమని అడగండి, మళ్లీ కొట్టడం రెండు నిమిషాల పని. కుదరదంటే, తయారయ్యే సమయంలో గుడ్డ తొడగక ముందు తీసిన ఫొటో అడగండి.

ఫోమ్ విషయంలో రెండు మాటలను అందరూ కలిపేస్తారు. డెన్సిటీ అంటే బరువు, గట్టిదనం వేరు. 40 డెన్సిటీ అంటే ఆ ఫోమ్ ఒక ఘనమీటరు 40 కిలోలు తూగుతుందని అర్థం. మెత్తగా ఉంటూనే డెన్సిటీ ఎక్కువ ఉన్న ఫోమ్ ఉంటుంది, గట్టిగా ఉండి డెన్సిటీ తక్కువ ఉన్నదీ ఉంటుంది. దుకాణంలో చేత్తో నొక్కితే తెలిసేది గట్టిదనమే. నాలుగేళ్ల తరువాత గుంట పడుతుందా లేదా అన్నది ఎక్కువగా డెన్సిటీ నిర్ణయిస్తుంది. రోజూ వాడే సీటుకు 32 కంటే తగ్గకూడదు, 40 ఉంటే మేలు. వీపు కుషన్‌కు బరువు పడదు కాబట్టి అంతకంటే తక్కువైనా ఫరవాలేదు. చెప్పింది నిజమో కాదో తూచి చూడవచ్చు. 24 అంగుళాల పొడవు, 22 అంగుళాల వెడల్పు, 5 అంగుళాల మందం ఉన్న ఫోమ్ ముక్క 40 డెన్సిటీ అయితే దాదాపు 1.7 కిలోలు, 28 అయితే 1.2 కిలోలు, 20 అయితే 900 గ్రాముల లోపు తూగుతుంది. జిప్పు విప్పి ఫోమ్ బయటికి తీసి చేతి త్రాసుకు తగిలించండి. బరువు పెంచడానికి సుద్దపొడి వంటివి కలిపిన ఫోమ్ కూడా ఉంటుంది కాబట్టి ఒక మూల నలిపి చూడండి, మంచి ఫోమ్ వెంటనే తన రూపానికి తిరిగి వస్తుంది, కలిపినది బద్ధకంగా లేస్తుంది. హెచ్‌ఆర్ అని పిలిచే రకం ఇలా త్వరగా లేచే గుణానికే పేరు పొందింది. ఫోమ్ కింద ఉండే వంకర టింకర తీగ స్ప్రింగులు గాని, సాగే పట్టీలు గాని, ఏవైనా సరే దగ్గరదగ్గరగా, బిగువుగా ఉండాలి. కుషన్ తీసి అరచేత్తో అన్ని చోట్లా అదిమి చూస్తే ఒకే తీరున ఎదురు నిలవాలి.

గుడ్డ, లెదర్ మధ్య ఎంపిక మీ అబ్బాయి వయసును బట్టి కొంత, మీ ఇంటి తేమను బట్టి కొంత ఉంటుంది. అసలైన లెదర్, పైన రంగు పూత ఉన్న రకం, చాలా ఏళ్లు నిలుస్తుంది, తడిగుడ్డతో తుడిస్తే శుభ్రపడుతుంది. ఎండ నేరుగా పడితే మాత్రం ఎండిపోయి పగుళ్లు వారుతుంది. లెదర్ అనే పేరుతో అమ్మే వాటిలో చాలావరకు పైన ప్లాస్టిక్ పొర ఉన్న గుడ్డలు. పియూ లెదర్ అన్నది పాలియురెథేన్ పొర, తేమకు ఆ పొర క్రమంగా విచ్ఛిన్నమై కొన్నేళ్లకు రేకులు రేకులుగా ఊడిపోతుంది. తోలు తుక్కును పొడిచేసి జిగురుతో అతికించి చేసే బాండెడ్ లెదర్ కూడా అంతే. ఒకసారి ఊడడం మొదలైతే దానికి మరమ్మతు లేదు, మొత్తం గుడ్డ మార్చవలసిందే. రోజూ కూర్చునే సోఫాకు ఈ రెండూ నేను ఎవరికీ సిఫారసు చేయను.

మీకు నేను చెప్పేది బిగువుగా నేసిన గుడ్డ. గుడ్డను రుద్ది పరీక్షించే మార్టిండేల్ అనే కొలత ఉంది. ఇంటి వాడకానికి 25,000 సార్లు, పిల్లలున్న చోట 30,000 దాటినది తీసుకోండి, నమూనా పుస్తకంలో ప్రతి గుడ్డ వెనకా ఈ అంకె ఉండాలి. గోటితో గీరి చూడండి, దారం పైకి లేస్తే వదిలేయండి. నమూనా ముక్కను ఇంటికి తెచ్చుకుని పగటి వెలుతురులోను, రాత్రి మీ హాలు దీపం కింద చూడండి, ఒక చుక్క నీరు, ఒక చుక్క నూనె వేసి మర్నాడు తుడిచి చూడండి. ఒక హెచ్చరిక మాత్రం మరచిపోవద్దు: కుషన్‌కు జిప్పు ఉన్నంత మాత్రాన తొడుగు ఉతకవచ్చని కాదు. ఆ జిప్పు చాలావరకు ఫోమ్ లోపలికి దూర్చడానికి మేము పెట్టుకునేది. ఉతికిన తొడుగు అర అంగుళం కుంచించుకుపోయినా మళ్లీ ఫోమ్ మీదికి ఎక్కదు. ఉతకవచ్చని చీటీ మీద రాసి ఉంటేనే ఉతకండి.

చివరగా, డబ్బు కట్టే ముందు ఇంటి గుమ్మం, మెట్ల మలుపు, లిఫ్టు తలుపు కొలిచి, సోఫా ఎత్తు, లోతులతో సరిపోల్చండి. కాళ్లు ఊడదీసే వీలుందా అని అడగండి. ఒకసారి మెట్ల మలుపులో ఇరుక్కుపోయిన కొత్త సోఫా చేతిని నేనే రంపంతో కోసి, లోపలికి చేర్చాక మళ్లీ అతికించవలసి వచ్చింది. ఆ ఇంటావిడ పక్కన నిలబడి కోస్తున్నంతసేపూ కళ్లు మూసుకునే ఉన్నారు.

ఇంటికి వచ్చాక మొదటి కొన్ని వారాల్లో ఫోమ్ కొద్దిగా మెత్తబడడం సహజం, దానికి కంగారుపడవద్దు. వచ్చిన రోజే సీటు మీద అడ్డంగా వంకర లేని ఒక కర్ర పెట్టి, మధ్యలో కర్రకూ సీటుకూ మధ్య ఖాళీ ఎంతుందో ఫొటో తీసి ఉంచుకోండి. వారంటీ కాగితంలో చట్రానికి ఎన్నేళ్లు, ఫోమ్‌కు ఎన్నేళ్లు అన్నది విడివిడిగా రాయించుకోండి, గుంట ఎన్ని అంగుళాలు పడితే మారుస్తారో కూడా అందులో ఉండాలి. ఏడాదికి అదే కర్రతో అదే చోట మళ్లీ కొలిచినప్పుడు, మీ చేతిలో ఆ మొదటి ఫొటో ఉంటే వాదన అవసరం ఉండదు.